కంప్యూటర్ గది ముందు చెప్పులు

నాకు అనుమానం ఎక్కువ. ఇది నేను కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు, మా ఇంట్లో అందరూ ఎప్పుడో తేల్చేసిన విషయం. గ్యాస్ సిలిండర్ వస్తే సీలు చూసి ఊరుకోను, పట్టుకుని ఊపి చూస్తాను. పాలవాడి ఎదుటే పాలలో వేలు ముంచుతాను. మా ఆయన కొండకు పోయి లడ్డూ తెస్తే, "దర్శనం చేసుకునే తెచ్చారా, ఎవరినైనా అడిగి తెచ్చారా?" అని అడిగిన రోజు కూడా ఒకటుంది. ఆయన ఆ లడ్డూ నా చేతిలో పెట్టి మాట్లాడకుండా స్నానానికి వెళ్ళిపోయారు.

ఇలాంటి మనిషి టీచరైతే పిల్లల గతి ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పరీక్ష గదిలో నా డ్యూటీ పడిందని తెలిస్తే పిల్లల ముఖాలు మాడిపోయేవి. ఒకసారి జామెట్రీ బాక్సు మూత లోపలి వైపు గీసిన గీతలను భూతద్దంతో చూశాను. అవి గీతలే.

రెండు వేల సంవత్సరం దాటి ఆరేడేళ్ళు అయిన రోజులవి. తిరుపతి నుంచి చంద్రగిరి పోయే రోడ్డు మీద ఒక ప్రైవేటు హైస్కూల్లో తొమ్మిదో తరగతి ఏ సెక్షన్‌కి ఫిజిక్సు చెప్పేదాన్ని. పాఠం అయ్యాక అందరు టీచర్లలాగే నేనూ "అర్థమైందా?" అని అడిగేదాన్ని. "అర్థమైంది మిస్!" అని క్లాసంతా ఒకే రాగంలో అనేది. ఆ రాగాన్ని నేను ఏనాడూ నమ్మలేదు. గంట కొట్టడానికి రెండు నిమిషాలు ఉన్నప్పుడు ఆ రాగం మరీ గట్టిగా వినపడేది.

ఆ రాగంలో ఒక్క గొంతు కలిసేది కాదు. మూడో బెంచీలో గోడవైపు కూర్చునే అమ్మాయి, రెండు జడలు, ఎప్పుడూ కొంచెం ముందుకు వంగి కూర్చునేది. అందరూ అర్థమైందన్నాక లేచి నిలబడి, "నాకు అర్థం కాలా మిస్" అనేది. వాళ్ళ నాయన రైల్వే స్టేషన్ నుంచి కొండ మీదికి జీపు తోలేవాడు. ఆ పిల్ల లేచినప్పుడల్లా వెనక బెంచీల వాళ్ళు నిట్టూర్చేవాళ్ళు. నిజం చెప్పాలంటే నేనూ లోపల నిట్టూర్చేదాన్ని. సిలబస్ అవ్వాలి, గంట కొట్టబోతోంది, ఈ పిల్లకు మాత్రం ఎప్పుడూ అర్థం కాదు.

అలాంటి రోజుల్లో మా కరస్పాండెంట్ సార్, అంటే మా స్కూలు యజమాని, బెంగళూరు వెళ్ళి అక్కడ ఎవరిదో స్కూలు చూసి వచ్చాడు. తిరుగు ప్రయాణంలో పలమనేరులో టీ తాగి లేచేలోపే నిర్ణయం అయిపోయిందట. మరునాడు మమ్మల్నందరినీ స్టాఫ్‌రూంలో కూర్చోబెట్టాడు.

"ఇంక మీరు పిలకాయల్ని అర్థమైందా అని అడగబన్లేదు మేడమ్. నెట్‌లో ఒక సైటు ఉండాది. మీరు ప్రశ్నలు ఎక్కించండి. పిలకాయలు నొక్కుతారు. ఎవురికి అర్థమైందో ఎవురికి కాలేదో అదే చెప్తాది. అర్థమైతే పచ్చ, కాకుంటే ఎరుపు. అంతే, అబద్ధం చెప్పే పనే ల్యా."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను కానీ నాకు వెంటనే అనుమానం వచ్చింది. పచ్చా ఎరుపూ పిల్లల కోసం కాదు, మా కోసం. ఏ టీచర్ క్లాసులో ఎన్ని ఎరుపులో ఆయన గదిలో కూర్చుని చూసుకుంటాడు. ఏడాది చివర ఎవరిని ఇంటికి పంపాలో ఆ పట్టీయే చెబుతుంది. పక్కనున్న తెలుగు టీచర్ చెవిలో ఈ మాట ఊదితే, "నీకు దేవుడు కనబడినా ఆధారాలు అడుగుతావు" అంది.

మా కంప్యూటర్ గది గురించి చెప్పాలి. స్కూలు మొత్తానికి ఏసీ ఉన్న గది అదొక్కటే. పదమూడు కంప్యూటర్లు, ఒక్కోదానికీ గుడ్డ ముసుగు, ఆయుధపూజనాడు పెట్టిన కుంకుమ బొట్లు. దుమ్ము పడితే యంత్రాలు పాడవుతాయని చెప్పులు బయటే విడవాలి. హెడ్మాస్టరైనా అంతే, కరస్పాండెంటైనా అంతే. వరండాలో గోడ వెంబడి చెప్పులు బారులు తీరి ఉండేవి. ఆ గదికి ఒక కంప్యూటర్ సార్ ఉండేవాడు. చిత్తూరు నుంచి వచ్చిన పాతికేళ్ళవాడు, ఎప్పుడూ సెల్‌ఫోను చూసుకుంటూ తనలో తను నవ్వుకునేవాడు. తనలో తను నవ్వుకునే మనిషిని నేను నమ్మను.

క్లాసులో ఇరవై ఆరు మంది, యంత్రాలు పదమూడు. కాబట్టి రెండు బ్యాచులు. ప్రతి శనివారం ఐదు ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు. పిల్లలు జవాబు నొక్కగానే తెరమీద అది ఒప్పో తప్పో, సరైనది ఏదో కనబడిపోయేది. మొదటి బ్యాచ్ బయటికొచ్చి రెండో బ్యాచ్‌కి చెప్పేస్తుందని నాకు మొదటి రోజే తట్టింది. అందుకని రెండో బ్యాచ్‌ని క్లాసులోనే ఉంచి, మొదటి బ్యాచ్‌ని కుళాయి వైపు పంపి, వాళ్ళు కనుమరుగయ్యాకే వీళ్ళను పిలిచేదాన్ని. మధ్యలో వరండాలో నేను నిలబడేదాన్ని. ఒక్క మాట, ఒక్క సైగ, ఒక్క దగ్గు కూడా నన్ను దాటి పోకూడదు.

మొదటి శనివారం, మొదటి బ్యాచ్‌లో ఏడెనిమిది ఎరుపులు వచ్చాయి. నేను చెప్పిన పాఠానికి, నాకు తెలిసిన పిల్లలకు, అది న్యాయమైన లెక్కే. రెండో బ్యాచ్‌లో పన్నెండు మందికి ఐదుకు ఐదూ పచ్చ. ఒక్క జీపు డ్రైవరు కూతురికి మాత్రం మూడు ఎరుపులు.

రెండో శనివారం కూడా అంతే.

కరస్పాండెంట్ సార్ ఆ పచ్చరంగు చూసి మురిసిపోయి, కలర్ ప్రింటు తీయించి ఆఫీసు ముందు నోటీసు బోర్డుకు అంటించాడు. తల్లిదండ్రులు వచ్చి తమ పిల్లల పేర్ల ఎదుట పచ్చ చుక్కలు చూసుకుని పోయేవాళ్ళు. నాకు మాత్రం తిండి సయించలేదు. నా రెండో బ్యాచ్ సంగతి నాకు తెలుసు. అందులో ఒకడికి టన్నుకు ఎన్ని కిలోలో ఇప్పటికీ తెలిసి ఉండదు.

వెతకడం మొదలుపెట్టాను. అరచేతులు చూశాను. చొక్కా మడతలు విప్పించాను. క్లాసు కిటికీలోంచి కుళాయి కనబడుతుందేమోనని వెళ్ళి నిలబడి చూశాను, కనబడలేదు. ఇక మిగిలింది కంప్యూటర్ సార్. తన గదికి పేరు రావాలని వాడే జవాబులు చెబుతున్నాడని తీర్మానం చేసుకున్నాను. రెండో బ్యాచ్ నొక్కుతున్నంతసేపూ వాడి వెనకే నిలబడ్డాను. వాడు ఎటు నడిస్తే అటు నడిచాను. వాడు తుమ్మితే ఎన్నిసార్లు తుమ్మాడో లెక్కపెట్టాను. రెండుసార్లు తుమ్మాడు. రెండో జవాబేమోనని చూస్తే అది కాదు.

ఇంత చూసినదాన్ని, ఒకటి మాత్రం కంటి ముందే ఉన్నా చూడలేదు. కుళాయి దగ్గర మొదటి బ్యాచ్ పిల్లల్లో కొందరు ఉత్తకాళ్ళతో నిలబడి ఉండేవాళ్ళు. ఒకణ్ణి అడిగాను కూడా, "చెప్పులేవిరా?" అని.

"మొక్కుండాది మిస్. కొండకు నడిచి పొయ్యేదాకా ఎయ్యొద్దని మాయమ్మ చెప్పింది."

ఈ ఊళ్ళో మొక్కును ఎవరు అనుమానిస్తారు? నేను కూడా అడిగినందుకు లోపల చెంపలేసుకుని వచ్చేశాను.

మూడో వారం క్లాసులో త్వరణం పాఠం చెప్పాను. పిల్లలకు తేలిగ్గా ఉండాలని నేనే ఒక వాక్యం తయారుచేసి రాయించాను: స్పీడు పెరిగినా తగ్గినా త్వరణం ఉన్నట్టు, స్పీడు మారకపోతే త్వరణం లేనట్టు. నాలుగు మార్కులకు అది చాలు. "అర్థమైందా?" అన్నాను. రాగం వచ్చింది. ఆ పిల్ల లేచింది.

"అర్థం కాలా మిస్. స్పీడు మారకుంటే..."

"కూర్చోమ్మా. అందరికీ అర్థమైంది నీకొక్కదానికే ఎందుకు కాలేదు? శనివారం కంప్యూటర్ చెబుతుందిలే నీకు ఏం అర్థం కాలేదో."

క్లాసు నవ్వింది. ఆ పిల్ల కూర్చుంది. ఆ వాక్యం చివరి వరకు నేను వినలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ సగం వాక్యం గుర్తొస్తే సిగ్గుగా ఉంటుంది.

ఆ శనివారమూ ఆ పిల్లకు ఎరుపులే వచ్చాయి. దాంతో కరస్పాండెంట్ సార్ కొత్త నియమం పెట్టాడు. వరసగా మూడు వారాలు ఎరుపులో ఉన్నవాళ్ళు సి సెక్షన్‌కి మారాలి. సి సెక్షన్ అంటే స్కూలు వెనక రేకుల షెడ్డు. అక్కడ పాఠాలు చెప్పరు, ముఖ్యమైన ప్రశ్నలకు జవాబులు బట్టీ పట్టిస్తారు. అక్కడ ప్రశ్న అడిగితే టీచరుకే ఆశ్చర్యం వేస్తుంది. ఏ సెక్షన్‌లోంచి షెడ్డుకు పోయిన పిల్ల మళ్ళీ వెనక్కి రావడం నేను చూడలేదు. మొదటి బ్యాచ్‌లో ఎరుపులు ఏ వారానికావారం వేరేవాళ్ళకు వచ్చేవి. మూడు వారాలూ ఎరుపు వచ్చింది ఈ పిల్లకే. శుక్రవారం పట్టీ నా ముందు పెట్టారు, అందులో ఒక్కటే పేరు. సోమవారం నుంచి అమలు. నేను సంతకం పెట్టాను.

అదే రోజు సాయంత్రం వాళ్ళ నాయన వచ్చాడు. గేటు బయట జీపు ఆపి, ఖాకీ చొక్కా దులుపుకుంటూ స్టాఫ్‌రూం గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఎంత చెప్పినా కూర్చోలేదు.

"మేడమ్, మా పాప ఇంట్లో మమ్మల్ని ఊరక ఉండనీదు. జీపులో ఎక్కినా అంతే. ఇది యాల ఇట్ల, అది యాల అట్ల అని అడగతానే ఉంటాది. ఈడ మాత్రం ఎర్రగా వస్తాండాదంట. ఆ షెడ్డులో ఏస్తే ఇంక అడిగేది మానేస్తాది మేడమ్. నాకు సదువు రాదు. నాకు తెలిసింది ఇంతే, అది అడిగేది మానేస్తే ఇంకేమీ ఉండదు. రవంత సూడండి."

నాకు ఆయన మీద కూడా అనుమానమే వచ్చింది. కరస్పాండెంట్ బంధువులను కొండకు తిప్పిన పరిచయంతో సిఫారసుకు వచ్చాడేమో అనుకున్నాను.

"కంప్యూటర్‌కి పక్షపాతం ఉండదండీ," అన్నాను.

ఎవరినీ నమ్మని నేను, ఆ యంత్రాన్ని అసలే నమ్మని నేను, ఒక తండ్రిని పంపించెయ్యడానికి దాన్నే అడ్డం పెట్టుకున్నాను. ఆయన దండం పెట్టి వెళ్ళిపోయాడు. జీపు స్టార్టవడానికి రెండు మూడుసార్లు మొరాయించింది. అంతసేపూ నేను ఏదో రాస్తున్నట్టు తల వంచుకునే ఉన్నాను.

మరునాడు నాలుగో శనివారం. నాలుగో ప్రశ్న నేనే తయారుచేశాను. ముందురోజు జీపును చూసిన ప్రభావం కాబోలు, ఘాట్ రోడ్డు గురించి రాశాను. మలుపులో జీపు ముప్ఫై స్పీడులోనే తిరుగుతోంది, ముల్లు కదల్లేదు, దాని త్వరణం గురించి ఏది నిజం? నాలుగో జవాబు సరైనది: దిశ మారుతోంది కాబట్టి త్వరణం ఉంది. ఇది నేను తేలిక చేసి రాయించిన వాక్యంలోకి రాదు, అంతే అనుకున్నాను. పాఠ్యపుస్తకంలో మాత్రం వెనక పేజీలో ఉంది, చదివినవాళ్ళకే తెలుస్తుంది. రెండో బ్యాచ్ గుట్టు దీంతో బయటపడుతుందని నా ఎత్తు. చదవకుండా నొక్కేవాళ్ళను పట్టుకోవడానికి మొదటి జవాబుగా ఒక పిచ్చిమాట పెట్టాను: జీపు నిలబడి ఉంది కాబట్టి త్వరణం లేదు.

మొదటి బ్యాచ్ నొక్కేసి వెళ్ళిపోయింది. నేను వరండాలోకి వచ్చాను. గోడ పక్కన నాలుగైదు జతల చెప్పులు మిగిలి ఉన్నాయి. అందులో ఒక రబ్బరు చెప్పు బోర్లా పడి ఉంది.

చిన్నప్పుడు మా ఇంట్లో చెప్పు బోర్లా పడితే మా అమ్మ చేతిలో పని వదిలేసి వచ్చి తిప్పేది. అది అలా ఉంటే ఆ ఇంట్లో కొట్లాట ఖాయమని ఆమె నమ్మకం. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు, ఫిజిక్సు టీచర్ని. కానీ కాలు ఊరుకోదు. బొటనవేలితో ఆ చెప్పును వెల్లకిలా తిప్పి, రెండింటినీ గోడవైపు తిప్పి వరసగా జరిపి, రెండో బ్యాచ్‌ని పిలిచాను.

పావుగంట తర్వాత కంప్యూటర్ సార్ తెరమీద పట్టీ చూపించాడు. నాలుగో ప్రశ్న దగ్గర పైనుంచి కిందికి ఎరుపు. పన్నెండు మంది జీపు నిలబడి ఉందన్నారు. ముప్ఫై స్పీడులో తిరుగుతున్న జీపు! ఒక్క పేరు ఎదుట మాత్రం పచ్చ. ఆ పిల్లది.

ఇప్పుడు నా బుద్ధి ఎలాంటిదో చూడండి. పన్నెండు మంది ఒకే పిచ్చి జవాబు నొక్కితే నాకు ముందు వాళ్ళ మీద అనుమానం రాలేదు. అందరూ తప్పు రాస్తే ఇది ఒక్కతే ఒప్పు ఎలా రాసింది, ఎక్కడ కాపీ కొట్టింది అనుకున్నాను.

స్టాఫ్‌రూంకి పిలిపించాను. అరచేతులు చూపించమన్నాను. చూపించింది. జడలు ముందుకు వేసుకుని మెడ వెనక చూపించమన్నాను. చూపించింది. బ్యాగు బోర్లించాను. పుస్తకాలు, ఒక జామకాయ, జీపు తాళంచెవికి ఉండేలాంటి పాత గొలుసు పడ్డాయి. ఆ పిల్ల ఏడవలేదు. జామకాయ దొర్లిపోతుంటే పాదంతో ఆపింది.

"నాలుగో జవాబు నీకెవరు చెప్పారు?"

"ఎవురూ చెప్పలా మిస్. కొండ మీదికి పొయ్యేటప్పుడు మలుపు వస్తానే మేమందురం ఒక పక్కకు పడతాం. నేను నాయన పక్కన కూర్చోని ముల్లు సూస్తాంటా. అది కదల్దు. స్పీడు మారలా, కానీ పడతాండామే. యాదో ఒకటి మారకుంటే యాల పడతాం మిస్? ఆ పొద్దు క్లాసులో అదే అడగాలని లేసినా. మీరు కూర్చోమన్నారు."

అప్పుడు నాకు ఆ సగం వాక్యం పూర్తయింది. స్పీడు మారకుంటే. నేను రాయించింది తప్పు, ఆ పిల్లకు అర్థం కాకపోవడమే ఒప్పు. క్లాసు మొత్తంలో నా పాఠాన్ని అనుమానించింది అదొక్కతే. ఇంత అనుమానపు మనిషిని, నాకు నా పాఠం మీద మాత్రం ఎప్పుడూ అనుమానం రాలేదు.

బ్యాగు నేనే సర్ది ఇచ్చాను. జామకాయ కూడా తుడిచి పెట్టాను.

నేరుగా క్లాసుకు వెళ్ళాను. "జీపు నిలబడి ఉందని మీకు ఎవరు చెప్పారు?" అని రెండో బ్యాచ్‌ని నిలబెట్టాను. చివరికి క్లాస్ లీడర్ అమ్మాయి, బాగా చదివే పిల్ల, వెక్కుతూ అంది:

"నాలుగో చెప్పు బోర్లా ఉండాల మిస్. ఎవురో తిప్పేసినారు."

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పించుకున్నాను. మొదటి బ్యాచ్‌లో ఐదుగురు చెప్పులు వదిలేసి ఉత్తకాళ్ళతో కుళాయికి పోతారు. తలుపు దగ్గరి జత మొదటి ప్రశ్న, అలా వరసగా ఐదు జతలు. రెండూ గోడవైపు చూస్తే మొదటి జవాబు. మెట్లవైపు చూస్తే రెండోది. ఒకటి అటు ఒకటి ఇటు అయితే మూడోది. ఒకటి బోర్లా పడితే నాలుగోది. రెండో బ్యాచ్ తమ చెప్పులు విడిచేటప్పుడు తల వంచుకుని చదువుకుంటూ లోపలికి పోతుంది. నేను మాట, సైగ, దగ్గు అన్నీ ఆపేశాను కాబట్టి వాళ్ళు ఈ దారి కనిపెట్టారు.

నా కాలి బొటనవేలు గుర్తొచ్చింది. మొక్కు గుర్తొచ్చింది. నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది, కోపమే చూపించాను.

వరండాలో కంప్యూటర్ సార్‌కి ఈ సంగతి చెబితే అతను తల గోక్కున్నాడు. "నేను మిమ్మల్నే అనుమానించినా మేడమ్. నా ఎనకే తిరగతాంటే, నేను సూడకుండా పిలకాయలకు మీరే చెప్తాండారని." పాపం, అతని మీద నేను కట్టిన కథ అతనికి చెప్పలేదు.

మూడో బెంచీ పిల్లను మళ్ళీ పక్కకు పిలిచాను. "నీకూ తెలుసా ఈ చెప్పుల సంగతి?"

"తెలుసు మిస్."

"మరి నువ్వెందుకు చూడలేదు?"

తల వంచుకుంది, చెప్పలేదు. తోటివాళ్ళ మీద నేరం చెప్పడం ఇష్టం లేదేమో అనుకుని వదిలేశాను.

కరస్పాండెంట్ సార్ గదికి పోయి మొత్తం చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇప్పుడు ఆ పచ్చ అంతా అబద్ధమని బోర్డు మీద రాయమంటారా మేడమ్? తల్లిదండ్రులకు మొగం ఎట్ల సూపించాల? చెప్పులు ఇంక లోపల పెట్టిద్దాం, అయిపాయ. ఆ పాప సంగతంటారా, అది మూడు వారాలు ఎరుపే గదా. అది అబద్ధం కాదు గదా."

అది అబద్ధం కాదు. అందుకే నాకు కడుపు మండింది. నిజం చెప్పిన ఒక్క పిల్ల షెడ్డుకు పోతోంది, అబద్ధం చెప్పిన పన్నెండు మంది ఏ సెక్షన్‌లో ఉంటున్నారు. పట్టీ మీద సంతకం నాది. చాలాసేపు వాదించాను. చివరికి ఆయన ఒక బేరానికి వచ్చాడు. సోమవారం మధ్యాహ్నం ఆ పిల్ల ఒక్కతే తన ఎదుట ఐదు ప్రశ్నలకు నొక్కాలి. నాలుగు పచ్చ వస్తే ఉంటుంది. రాకపోతే షెడ్డు. ఇంకో మాట లేదు.

ప్రశ్నలు కంప్యూటర్ సార్ ఎంచాడు, నేను ఎక్కించినవాటిలోంచే. సరిచూడమని కాగితం నాకిచ్చాడు. మొదటి నాలుగూ పరవాలేదు, అయినా ఏదో ఒకటి తప్పవచ్చు. ఐదోది లిఫ్టు గురించి. లిఫ్టు ఆగకుండా ఒకే స్పీడులో పైకి పోతుంటే లోపలి మనిషి బరువు తూకంలో ఎంత చూపిస్తుంది? ఆ పిల్ల లిఫ్టు ఎక్కి ఉండదు. మారదు అన్న సరైన జవాబు నాలుగోది. పెరుగుతుందని నొక్కుతుంది, అందరూ అదే అనుకుంటారు.

పిల్లల మీద నమ్మకం ఉన్న టీచరైతే దేవుడిమీద భారం వేసి ఊరుకునేది. నాకు నమ్మకం ఎక్కడిది? నాలుగు ఆ పిల్ల సొంతంగా తెచ్చుకుంటుందని నేను నమ్మలేకపోయాను.

సోమవారం మధ్యాహ్నం కంప్యూటర్ గది ముందు నేను ముందుగా నిలబడి నా చెప్పులు విడిచాను. చుట్టూ చూశాను. వంగి ఒక చెప్పును బోర్లా తిప్పాను. మా అమ్మ చూస్తే ఏమనేదో. ఆ ఒక్క జత గోడ వెంబడి తలుపు నుంచి ఐదో స్థానంలో ఉండేలా కొలిచి మరీ జరిపాను. జీవితమంతా కాపీ పట్టుకున్న చేత్తో కాపీ పెట్టాను.

లోపల కరస్పాండెంట్ సార్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నేను తలుపు పక్కన నిలబడ్డాను. ఆ పిల్ల వరండాలోకి వచ్చింది, చెప్పులు విడవబోయి ఆగింది. ఆ చెప్పులు నావని దానికి తెలుసు. ఒక్క క్షణం వాటిని చూసింది. తర్వాత తలుపు సందులోంచి నన్ను చూసింది.

వంగింది. బోర్లా ఉన్న చెప్పును తిప్పింది. రెండింటినీ దగ్గరగా చేర్చి, పెద్దవాళ్ళు బయటికొస్తూనే కాళ్ళు పెట్టుకునేలా మెట్లవైపు తిప్పి పెట్టింది. లోపలికి వచ్చి యంత్రం ముందు కూర్చుంది.

ఒకటి పచ్చ. రెండు పచ్చ. మూడు పచ్చ. నాలుగో ప్రశ్న దగ్గర చాలాసేపు ఆలోచించింది, బల్ల మీద వేలితో ఏదో గీసుకుంది, నొక్కింది. పచ్చ. ఐదోది నొక్కింది. ఎరుపు.

"నాలుగు వచ్చినాయి గదా, సరే," అని కరస్పాండెంట్ సార్ లేచి, పట్టీలో ఆ పేరు కొట్టేసి భోజనానికి పోయాడు. కంప్యూటర్ సార్ యంత్రానికి ముసుగు వేస్తూ నా వైపు నవ్వాడు. ఈసారి నాకు అనుమానం రాలేదు.

బయటికొచ్చి చెప్పులు వేసుకున్నాను. తిప్పి పెట్టి ఉన్నాయి కాబట్టి వంగాల్సిన పని లేకపోయింది. ఆ పిల్ల క్లాసువైపు నడుస్తోంది. పిలిచాను.

"నేను పెట్టింది చూశావు కదా. ఐదూ వచ్చేవి. ఎందుకు తిప్పేశావు?"

శనివారం చెప్పని జవాబు ఇప్పుడు చెప్పింది. ముఖంలోకి చూడకుండా, నెమ్మదిగా.

"చెప్పులు సూసి నొక్కితే నాకు అర్థమైందని మీరు అనుకుంటారు గదా మిస్. మీరు పై పాఠానికి పొయ్యేస్తారు. మళ్ళ నాకు ఎవురు చెప్తారు?"

కళ్ళు తుడుచుకున్నాను. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

ఖాళీ క్లాసులోకి ఇద్దరం వెళ్ళాం. బోర్డు మీద లిఫ్టు గీశాను, లోపల మనిషిని గీశాను, బాణాలు వేశాను. లిఫ్టు కదలడం మొదలుపెట్టినప్పుడు ఏమవుతుంది, ఒకే స్పీడు అందుకున్నాక ఏమవుతుంది, అంతా చెప్పాను. అయ్యాక నోటి దాకా వచ్చిన మాటను ఆపుకున్నాను. అర్థమైందా అని అడగలేదు. సుద్దముక్క పట్టుకుని ఊరికే నిలబడ్డాను.

ఆ పిల్ల బోర్డు వైపు చాలాసేపు చూసింది.

"ఇంకా కాలా మిస్," అంది.

బోర్డు తుడిచి మళ్ళీ మొదటి నుంచి గీశాను.